పాఠకుల ప్రశ్నలు: కుందేళ్ళ పెంపకంపై ఏ పుస్తకాన్ని నమ్మాలి?

ప్రశ్న: రెండు కుందేలు పిల్లలను తెచ్చి పెంచుకోవాలని మా ఇంట్లో అనుకుంటున్నాము. అవి రాకముందే విషయం తెలుసుకోవాలని కొన్ని పుస్తకాలు తిరగేశాను. ఒకటి గుళికల దాణాయే ప్రధానాహారం అంటుంది. మరొకటి దాణా చాలా కొద్దిగా పెట్టి, ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచమంటుంది. ఇంకొకటి క్యారెట్లు, పండ్లు ధారాళంగా పెట్టవచ్చంటుంది. రాసినవారందరూ అనుభవజ్ఞులుగానే కనిపిస్తున్నారు. కొత్తవారు దేనిని నమ్మాలి? — ఒక పాఠకురాలు

జవాబు: మీరు సరైన చోటే ఆగారు. కుందేలు పుస్తకం మంచిదో కాదో ముందుగా తేల్చిచెప్పేది ఆహారపు అధ్యాయమే. అందుచేత పుస్తకం చేతికి రాగానే ముందుమాటనూ, ముద్దొచ్చే ఫొటోలనూ దాటి నేరుగా ఆ పుటలు తెరవండి. పెరిగిన కుందేలు ఆహారంలో అత్యధిక భాగం గడ్డి లేదా ఎండుగడ్డి అయి ఉండాలనీ, ఆకుకూరలు దాని తరువాతి స్థానంలో వస్తాయనీ, గుళికల దాణా శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 25 గ్రాములకు మించరాదనీ, క్యారెట్‌లోనూ పండ్లలోనూ చక్కెర ఎక్కువ కనుక అవి ఎప్పుడైనా ఒక ముక్క మాత్రమేననీ చెప్పిన పుస్తకాన్ని పక్కన ఉంచుకోండి. క్యారెట్లను ధారాళంగా పెట్టమన్న పుస్తకాన్ని నిస్సందేహంగా వదిలివేయవచ్చు.

అయితే సరైన సలహా ఇస్తే చాలదు, దానికి కారణం కూడా చెప్పాలి. కుందేలుకు 28 పళ్ళు ఉంటాయి. ముందరి కొరుకుడు పళ్ళే కాక దవడ పళ్ళు కూడా జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. పీచు గల గడ్డిని గంటల తరబడి అడ్డంగా నమిలినప్పుడే దవడ పళ్ళు సమంగా అరుగుతాయి. దాణా గుళికలు ఇట్టే నలిగిపోతాయి కాబట్టి వాటితో ఆ పని జరగదు. అరగని పళ్ళ అంచులు మొనదేలి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి, ఆ నొప్పికి కుందేలు తినడం మానేస్తుంది. ఈ వరుసను మొదటి నుంచి చివరి వరకు వివరించిన రచయితకు జంతువు తెలుసునని అర్థం. పళ్ళు అరగడానికి ఒక చెక్కముక్క పడవేయమని చెప్పి ఊరుకున్న రచయిత ముందరి పళ్ళను మాత్రమే చూశాడు.

రెండవ పరీక్ష జీర్ణక్రియకు సంబంధించినది. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గుండ్రని గట్టి పెంటికలు మనకు రోజూ కనిపిస్తాయి. రెండవ రకం మెత్తగా, నల్లగా, జిగురు పూతతో ద్రాక్ష గుత్తిలా ఉంటుంది. పేగుల్లో సంచిలా ఉండే అంధనాళంలో సూక్ష్మజీవులు పులియబెట్టిన ఆ పదార్థంలో బి విటమిన్లూ మాంసకృత్తులూ ఉంటాయి కనుక కుందేలు దానిని నేరుగా నోటితో అందుకుని తింటుంది. ఇది చెడు అలవాటు కాదు, దాని పోషణలో భాగం. ఆ మెత్తని పెంటికలు తినకుండా నేలమీద మిగిలిపోతుంటే దాణా ఎక్కువైందనో, లావెక్కి వెనక్కు వంగలేకపోతున్నదనో, వెన్నులో నొప్పి ఉన్నదనో అనుమానించాలి. మంచి పుస్తకం ఈ అనుమానాల దాకా మిమ్మల్ని తీసుకువెళుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పుట ఇంకొకటి ఉంది. పేగుల కదలిక మందగించి ఆగిపోవడం కుందేళ్ళలో తరచుగా వచ్చే ప్రాణాపాయం. కుందేలు వాంతి చేసుకోలేదు. ఉదయం నుంచి మేత ముట్టలేదు, పెంటికలు చిన్నవయ్యాయి లేదా అసలు పడలేదు అన్నప్పుడు రేపటి దాకా చూద్దామనుకోరాదు, అదే రోజు పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. ఈ మాటను మొదటి అధ్యాయాల్లోనే, ఎవరి కంటికైనా పడేటట్టు అచ్చువేసిన పుస్తకం తన బాధ్యత నెరవేర్చినట్టే. దానిని వ్యాధుల అక్షరక్రమ పట్టికలో ఎక్కడో ఒక వాక్యంగా ఉంచిన పుస్తకం, మిగతా విషయాల్లో ఎంత బాగున్నా, మొదటి పుస్తకంగా పనికిరాదని నా అభిప్రాయం.

మీరు తెచ్చుకోబోయేవి పిల్లలు కనుక ఇంకో మాట కూడా చెప్పాలి. లూసర్న్ గడ్డిలో కాల్షియమూ మాంసకృత్తులూ ఎక్కువ కాబట్టి అది ఎదిగే వయసుకు సరిపోతుంది. పెరిగిన కుందేలుకు టిమోతీ వంటి గడ్డి మేలు. ఈ తేడా చెప్పని పుస్తకం మీ అవసరానికి చాలదు. అలాగే జంటగా పెంచడం గురించిన పుటల్లో సంతాన నియంత్రణ శస్త్రచికిత్స గురించి ఏమున్నదో చూడండి. ఆడ కుందేలు గర్భం సుమారు 31 రోజులు. ఈనిన కొద్ది గంటల్లోనే అది మళ్ళీ చూలు కట్టగలదు. మగదానికి శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా కొన్ని వారాలపాటు సంతానశక్తి మిగిలే ఉంటుంది. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్ళలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువవుతుంది. పిల్ల వయసులో ఆడ, మగ పోల్చడం కష్టమనీ, రెండూ ఆడవే అని చెప్పిన మాట తరచు తప్పుతుందనీ హెచ్చరించిన రచయితను నమ్మవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో కొన్ని దశాబ్దాల క్రితంనాటి కుందేళ్ళ పుస్తకం ఒకటి ఉంది. చక్కని బొమ్మలతో, ఓపికగా రాసినది. దానినే అనుసరించవచ్చా, లేక కొత్తది కొనవలసిందేనా? — ఒక పాఠకుడు

జవాబు: ఆ పుస్తకాన్ని దాచుకోండి, కానీ దాని ప్రకారం పెంచకండి. ముందుగా అది ఎవరి కోసం రాసినదో చూడాలి. పాత పుస్తకాల్లో ఎక్కువ భాగం మాంసం కోసమో, బొచ్చు కోసమో, ప్రదర్శనల కోసమో పెంచేవారిని ఉద్దేశించినవి. వారికి కావలసింది త్వరగా బరువు పెరగడం, తక్కువ చోటులో ఎక్కువ జంతువులు పట్టడం. అందుకే ఆ పుస్తకాల్లో దాణాకు పెద్దపీట, బోనుకు చిన్న కొలతలు కనిపిస్తాయి. కొద్ది నెలలు మాత్రమే బతకనిచ్చే జంతువుకు రాసిన సలహా, 8 నుంచి 12 ఏళ్ళు మన మధ్య బతకవలసిన జంతువుకు ఎలా సరిపోతుంది? బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ రెండు కుందేళ్ళకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు గల ఆవరణ ఎల్లవేళలా అందుబాటులో ఉండాలని సూచిస్తుంది. మీ పుస్తకంలోని బోను కొలతలను దీని పక్కన పెట్టి చూడండి.

ఇంట్లో, మనుషుల మధ్య కుందేలును పెంచే పద్ధతికి పుస్తకరూపం ఇచ్చినవారిలో మారినెల్ హారిమన్ ముఖ్యురాలు. ఆమె ‘హౌస్ రాబిట్ హ్యాండ్‌బుక్’ 1985లో వెలువడింది. 1988లో అమెరికాలో హౌస్ రాబిట్ సొసైటీ ఏర్పడింది. ఈ మార్పుకు ముందు రాసిన పుస్తకానికీ, తరువాత రాసినదానికీ దృష్టిలోనే భేదం ఉంటుంది. అయినా కొత్త ముద్రణ అన్నంత మాత్రాన కొత్త పుస్తకం కాదు, ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందినా లోపలి మాట ఒక్కటీ మారని పుస్తకాలు ఉంటాయి. ప్రచురణ వివరాల పుటలో సవరించిన కూర్పు ఏ సంవత్సరానిదో వెతకండి.

ఆ సంవత్సరం ఎందుకంత ముఖ్యమో ఒక వ్యాధి చరిత్ర చెబుతుంది. కుందేళ్ళలో రక్తస్రావంతో హఠాత్తుగా మరణం తెచ్చే వైరస్ వ్యాధి మొదట 1984లో చైనాలో బయటపడింది. ఆ వైరస్ రెండవ రకం 2010లో ఫ్రాన్స్‌లో కనిపించి, తరువాత అనేక దేశాలకు వ్యాపించింది. మొదటి రకానికి చిక్కని చిన్న కుందేలు పిల్లలను కూడా ఇది చంపగలదు, పాత టీకా దీనినుంచి తగినంత రక్షణ ఇవ్వదు. కనుక 2010కి ముందు రాసిన ఏ పుస్తకంలోనైనా, దాని రచయిత ఎంతటి పండితుడైనా, టీకాల అధ్యాయం అసంపూర్ణమే. ఏ దేశంలో ఏ టీకా దొరుకుతుందో, ఏది అవసరమో అక్కడి పశువైద్యుడే చెప్పాలి, పుస్తకం ఆ ప్రశ్న అడగాలని గుర్తుచేస్తే చాలు.

మరికొన్ని ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. కుందేలును ఎలుకల వర్గంలో చేర్చిన పుస్తకం శ్రద్ధగా రాసినది కాదు, 1912లోనే శాస్త్రజ్ఞులు కుందేళ్ళను లాగోమార్ఫా అనే వేరే క్రమంగా విడదీశారు. తోడుగా గినీ పందిని ఉంచమనే సలహా కూడా పాతకాలపుదే. రెండింటి ఆహారావసరాలు వేరు, కుందేలు వెనక కాళ్ళ దెబ్బకు గినీ పంది గాయపడవచ్చు, పైగా కుందేలుకు పెద్దగా హాని చేయని కొన్ని బ్యాక్టీరియా గినీ పందికి న్యుమోనియా తేగలవు. కుందేలుకు తోడు మరొక కుందేలే. పరస్పరం పరిచయం చేసేది రెండింటికీ కొత్తదైన చోట, నెమ్మదిగా జరగాలని వివరించిన పుస్తకం నేటి కాలానిది.

ప్రశ్న: మా కుందేలును ఎత్తుకోబోతే పారిపోతుంది, కొన్నిసార్లు కొరుకుతుంది, రాత్రివేళ వెనక కాళ్ళతో నేలను దబదబ కొడుతుంది. దాని ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి మంచి పుస్తకం ఎలా ఉంటుంది? — ఒక పాఠకురాలు

జవాబు: కుందేలు అడవిలో వేటకు గురయ్యే జంతువు. ఈ ఒక్క సత్యం నుంచి మొదలుపెట్టి ప్రవర్తనను వివరించే పుస్తకం మీకు కావాలి. నేలమీది నుంచి పైకి ఎత్తడమన్నది దానికి గద్ద పట్టుకుపోయినప్పటి అనుభవమే. దాని ఎముకలు తేలికైనవి, వెనక కాళ్ళు బలమైనవి. భయంతో తన్నుకున్నప్పుడు దాని వెన్నెముక విరిగే ప్రమాదం కూడా ఉన్నది. కనుక అనవసరంగా ఎత్తుకోవద్దనీ, మీరే నేలమీద కూర్చుని అది తనంతట తాను దగ్గరకు వచ్చేదాకా ఆగమనీ, ఎత్తక తప్పనప్పుడు ఛాతీకీ వెనక భాగానికీ రెండు చేతుల ఆధారం ఇవ్వమనీ చెప్పే రచయిత మీ కుందేలు పక్షాన ఉన్నట్టు. కొరికినందుకు శిక్షించమనీ, మెడ పట్టి అదుపు చేయమనీ చెప్పేవారి పుస్తకం తెరవనవసరం లేదు.

చాలా పుస్తకాలు ప్రవర్తనను పట్టికగా ఇస్తాయి: కాలు కొడితే హెచ్చరిక, గడ్డం రుద్దితే తనదని గుర్తు, గాలిలోకి ఎగిరి ఒళ్ళు తిప్పితే ఆనందం. ఇవి తప్పు కావు. గడ్డం కింద వాసన గ్రంథులు ఉన్న మాట నిజమే, కాలు కొట్టడం తోటి కుందేళ్ళకు అపాయం తెలిపే పద్ధతేనన్న మాట కూడా నిజమే. కానీ ఒకే గుర్తుకు సందర్భాన్ని బట్టి అర్థం మారుతుంది. నిమిరేటప్పుడు పళ్ళు సన్నగా ఆడించే చప్పుడు సుఖానికి గుర్తు. ఒళ్ళు ముడుచుకుని, కళ్ళు సగం మూసి, పళ్ళు గట్టిగా కొరుకుతుంటే అది నొప్పి. చెవులూ కళ్ళూ ఒంటి తీరూ వేళా మేతా అన్నీ కలిపి చూడడం నేర్పే పుస్తకమే ఉపయోగపడుతుంది. వేటకు గురయ్యే జంతువు బాధను దాచుకుంటుంది కాబట్టి నొప్పి గురించిన అధ్యాయాన్ని మరీ జాగ్రత్తగా చదవాలి. 2012లో శాస్త్రజ్ఞులు కుందేలు ముఖంలో నొప్పిని గుర్తించే కొలమానం ఒకటి ప్రచురించారు. కళ్ళు ఎంత మూసుకున్నాయి, బుగ్గలు ఎంత చదునయ్యాయి, ముక్కుపుటాల ఆకారం, మీసాలు, చెవుల స్థితి అనే అయిదు గుర్తులు అందులో ఉన్నాయి. వీటిని బొమ్మలతో చూపిన పుస్తకం దొరికితే వదలకండి.

ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఒక పాత సలహా. కుందేలును వెల్లకిలా పడుకోబెడితే అది కదలక మెదలక ఉండిపోతుందనీ, అలా దానికి విశ్రాంతి కలుగుతుందనీ రాసిన పుస్తకాలు ఇంకా కనిపిస్తాయి. ఆ నిశ్చలత విశ్రాంతి కాదు, శత్రువు చేతికి చిక్కిన జంతువు చివరి ప్రయత్నంగా చచ్చినట్టు పడి ఉండడం. ఆ సమయంలో దాని శరీరంలో భయానికీ ఒత్తిడికీ సంబంధించిన మార్పులే కనిపిస్తాయని పరిశోధనల్లో తేలింది. గోళ్ళు కత్తిరించడానికి ఈ ఉపాయాన్ని మెచ్చుకున్న పుస్తకం మీకు వద్దు.

కుందేలు సహజ జీవితం తెలిస్తే పెంపుడుదాని ప్రవర్తన చాలావరకు అర్థమవుతుంది. ఆర్. ఎం. లాక్లీ వేల్స్‌లో అడవి కుందేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 1964లో ప్రచురించిన ‘ద ప్రైవేట్ లైఫ్ ఆఫ్ ది రాబిట్’ పెంపకం పుస్తకం కాదు. అయినా బొరియల్లో గుంపుగా బతికే జీవికి హద్దులూ హోదాలూ ఎంత ముఖ్యమో అందులో తెలుస్తుంది. పాత పుస్తకమే అయినా ఇటువంటిది చదవవచ్చు, ఎందుకంటే దాని విలువ సలహాల్లో కాదు, పరిశీలనలో ఉంది.

ప్రశ్న: పదేళ్ళ మా అమ్మాయి చదువుకోవడానికి ఏ రకం పుస్తకం కొనాలి? — ఒక తండ్రి

జవాబు: ముందు బొమ్మలు చూడండి. పిల్లలు నిలబడి కుందేలును గుండెకు హత్తుకున్న బొమ్మలు ఉన్నవి వద్దు. నేలమీద కూర్చుని గడ్డి అందిస్తున్న బొమ్మలు ఉన్నవి కొనండి, అమ్మాయి వాక్యాలకంటే ముందు వాటినే అనుకరిస్తుంది. కుందేలు బాధ్యత పెద్దవారిదేనని స్పష్టంగా రాసి ఉండాలి. ఆ పుస్తకం ఆమెకు, పైన చెప్పినవంటిది మరొకటి మీకు.

ప్రశ్న: పశువైద్యుల కోసం రాసిన గ్రంథాలు కూడా కొనుక్కుంటే ఇంట్లోనే వైద్యం చేసుకోవచ్చు కదా? — ఒక పాఠకుడు

జవాబు: చదవండి, కానీ మందుల మోతాదుల పట్టిక చూసి వైద్యం చేయకండి. కుక్కలకూ పిల్లులకూ మామూలుగా వాడే మందులు కుందేలును చంపగలవు. ఒంటిమీది పురుగుల కోసం వాడే ఫిప్రొనిల్ అనే మందు దానికి విషం. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ మందులు దాని పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను నాశనం చేసి ప్రాణం మీదకు తెస్తాయి. ఈ రెండింటి గురించి హెచ్చరించని పెంపకం పుస్తకాన్ని ఆరోగ్యం విషయంలో నమ్మరాదు. వైద్య గ్రంథం నుంచి మీరు తీసుకోవలసింది వైద్యుని అడగవలసిన ప్రశ్నలు. ఉదాహరణకు, ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు ఉంచమని ఎవరైనా చెబితే, వాంతి చేసుకోలేని ఈ జంతువుకు పస్తు అవసరం ఏమిటని, మత్తు వదిలిన తరువాత ఎంతసేపటికి మేత పెట్టాలని, నొప్పికి ఏ మందు ఇస్తారని మర్యాదగా అడగండి. కుందేళ్ళకు తరచుగా వైద్యం చేసేవారు ఈ ప్రశ్నలకు వెంటనే, వివరంగా సమాధానం చెబుతారు.