మీ నాన్న చెయ్యి పట్టుకుని లాగకండి

నాన్నా చిన్నా,

"డిశ్చార్జ్ ఇచ్చేశారు పెద్దమ్మా, ఇక గండం గడిచినట్టే" అని నిన్న ఫోన్లో అన్నావు. అప్పుడే అడ్డం చెప్పడం ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు మీ నాన్నకి వచ్చినట్టే మీ పెదనాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు నేనూ అలాగే అనుకుని, రామ్‌నగర్ ఇంట్లో మంచం వేసి పడుకోబెట్టి, వేళకి మాత్రలు వేస్తూ, ఎవరో చెప్పిన నూనెతో మర్దన చేయిస్తూ రెండు నెలలు పోగొట్టాను. పావురం రక్తం పూస్తే నరాలు లేస్తాయన్న మహానుభావులూ వచ్చారు, ఆ పని మాత్రం చెయ్యలేదులే.

ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ ఉసూరుమంటుంది. మెదడులో దెబ్బతిన్న భాగం పనిని మిగతా భాగాలు నేర్చుకోవాలి, ఆ నేర్చుకోవడం మొదటి 3 నెలల్లోనే జోరుగా సాగుతుంది. తర్వాత ఆగిపోదు గానీ నెమ్మదిస్తుంది. ఊరికే చెయ్యి ఆడిస్తే చాలదు, ఒకే పనిని సరైన పద్ధతిలో మళ్లీ మళ్లీ చేయించాలి. యూట్యూబ్ చూసి మనం చేయించేది కాదు అది.

మంచం మీంచి లేపడానికి నేనూ మా వాచ్‌మనూ ఆయన చంకలో చెయ్యేసి పైకి లాగేవాళ్లం. పట్టు తప్పిన కండరాలు కదా, భుజం కీలు జారింది, ఆ నొప్పికి రాత్రిళ్లు నిద్ర లేదు ఆయనకి. తర్వాత వచ్చిన ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి ముందు నాకు పాఠం చెప్పింది. పక్కకి ఒత్తిగిలించి, కాళ్లు కిందికి దించి, వీపు వెనక చెయ్యి ఆనించి లేపాలట. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి వేలాడకుండా కింద దిండు పెట్టాలట. నువ్వూ తమ్ముడూ ఆమెలాంటి వాళ్ల దగ్గర చూసి నేర్చుకునేదాకా ఆ చేతిని లాగకండి.

ఫిజియో ఒక్కటే సరిపోదు. మీ నాన్నకి కుడివైపు పడిపోయింది, మాట తడబడుతోంది అన్నావుగా, అంటే మెదడులో ఎడమవైపు దెబ్బ. చాలామందికి భాష ఉండేది అటువైపే. మీ పెదనాన్న మంచినీళ్లు కావాలంటే "తాళంచెవి, తాళంచెవి" అనేవారు, తెచ్చి చేతిలో పెడితే విసిరికొట్టేవారు. మతి పోయిందనుకున్నాం. తీరా ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా లెక్కపెట్టేవారు, రోజూ పూజలో చదివే శ్లోకం పొల్లుపోకుండా చెప్పేవారు! నోటికి అలవాటైనవి వేరు, అప్పటికప్పుడు వెతికి చెప్పే మాట వేరు అని స్పీచ్ థెరపిస్ట్ విడమరిచి చెప్పేదాకా పాపం ఆయన మీద అరిచాను కూడా. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, మాటా వినికిడీ వాళ్ల పనే. వెళ్లి అడుగు. మీకు నిమ్స్ ఆసుపత్రి దగ్గరే కాబట్టి ఫిజియోకి అక్కడా కనుక్కో.

నీళ్లు తాగితే దగ్గొస్తోందా, గొంతు గరగరలాడుతోందా? వెంటనే డాక్టర్‌కి చెప్పండి. పలచటి నీళ్లే మింగడం కష్టం, దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. పడుకోబెట్టి మాత్రం ఏదీ పట్టొద్దు.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏదో ఆఫీసు వ్యవహారం అనుకున్నాను నేను. చొక్కా తొడుక్కోవడం, అన్నం కలుపుకోవడం, మగ్గుతో నీళ్లు పోసుకోవడం మళ్లీ నేర్పే చదువు అది. తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆఖర్న తియ్యాలి. ఇంతోటిది తెలియక రోజూ పొద్దున్నే మా ఇంట్లో యుద్ధం.

కొన్నాళ్లకి మీ నాన్న ఉన్నట్టుండి ఏడవచ్చు, థెరపీకి రానని మొండికేయొచ్చు. బద్ధకం అనుకోవద్దు, స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, దానికీ మందుంది. అమ్మ మాత్రం అన్నీ తన నెత్తినే వేసుకుంటుంది, నువ్వు చూసుకో.

శనివారం వస్తాను. బాత్రూంలో పట్టుకునే రాడ్ ఏ వైపు, ఎంత ఎత్తులో ఉండాలో థెరపిస్ట్ వచ్చి గీత గీసేదాకా గోడకి డ్రిల్ వేయించకు.

మీ పెద్దమ్మ