ఎన్నికల ప్రచారానికి ప్రధాని ప్రభుత్వ విమానంలో వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. ప్రవర్తనా నియమావళి అమల్లో ఉండగా మంత్రులు అధికారిక పర్యటనతో ప్రచారాన్ని కలపకూడదు, ప్రభుత్వ విమానాలనూ వాహనాలనూ సిబ్బందినీ పార్టీ పనికి వాడకూడదు. అయితే భద్రత దృష్ట్యా ప్రధానికి మాత్రం మినహాయింపు ఉంది. ప్రచార ప్రయాణాలకు ఛార్జీలు మాత్రం చెల్లించాలి.

2024లో నియమావళి మార్చి 16న అమల్లోకి వచ్చింది. ఆ మరునాడే చిలకలూరిపేట దగ్గర బొప్పూడి సభకు ప్రధాని మోదీ వైమానిక దళ హెలికాప్టర్‌లో రావడంపై తృణమూల్ ఎంపీ సాకేత్ గోఖలే ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు.

నిజానికి ఈ వివాదం పాతదే. 1971లో రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీ ఎన్నికపై, ఆమె చేతిలో ఓడిన రాజ్‌నారాయణ్ వేసిన పిటిషన్‌లో ఆమె వైమానిక దళ విమానాలను వాడారన్నది కూడా ఒక ఆరోపణే. అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్ లాల్ సిన్హా దాన్ని తోసిపుచ్చారు. కానీ సభలకు వేదికలు కట్టించడంలోనూ, మైకులకు కరెంటు ఏర్పాటు చేయడంలోనూ జిల్లా కలెక్టర్, ఎస్పీ, ఇంజినీర్ల సాయం పొందారన్న ఆరోపణ రుజువైందని, ఆమె ఎన్నికల ఏజెంటు యశ్‌పాల్ కపూర్ ప్రభుత్వోద్యోగిగా ఉండగానే ప్రచారంలో పాల్గొన్నారని తేల్చి, 1975 జూన్ 12న ఆ ఎన్నికను రద్దు చేశారు. తర్వాత ఎన్నికల చట్టాన్ని సవరించడంతో నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

అందువల్ల విమానం కంటే, అది దిగిన చోట ఏర్పాట్లు ఎవరు చేశారు, ఎవరి డబ్బుతో చేశారు అన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. ప్రతి ప్రచార ప్రయాణానికీ అయిన ఖర్చును, పార్టీ చెల్లించిన మొత్తాన్ని పోలింగుకు ముందే ప్రజల ముందు పెట్టాలి.