డాక్టర్ సలహా: రాత్రిళ్లు పాప లేస్తోందంటే పాలు చాలడం లేదనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు మూడున్నర నెలలు. పుట్టినప్పుడు 2.8 కిలోలు, మొన్న 14 వారాల టీకాకు తీసుకెళ్తే 5.9 కిలోలు తూగింది. నా పాలే తాగుతోంది. పగలు చీర ఉయ్యాలలో బాగా పడుకుంటుంది, ఒక్కోసారి మూడు గంటలైనా లేవదు. రాత్రయితే మాత్రం రెండు గంటలకోసారి లేచి ఏడుస్తుంది. ఒళ్లో నిద్రపోయిన పిల్లను పక్క మీద వేయగానే మళ్లీ కళ్లు తెరుస్తుంది. నా పాలు చాలడం లేదని, పడుకోబోయే ముందు డబ్బా పాలో, పల్చటి రాగి జావో పడితే తెల్లవార్లూ లేవదని మా అత్తయ్య అంటున్నారు. తెలిసినవాళ్లేమో జలుబు సిరప్ కొంచెం పట్టమన్నారు. నిద్ర లేక నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందుగా ఆ సిరప్ మాట మర్చిపోండి. జలుబు మందు తాగిన పిల్లలు పడుకునేది హాయిగా ఉండి కాదు, మందు మత్తుకు. ఇంత చిన్న పిల్లలకు ఆ మత్తులో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీదే అచ్చు వేయాలని మన దేశ ఔషధ నియంత్రణాధికారులు 2023లో ఆదేశించారు. మీ పాపకు ఇంకా నాలుగు నెలలు కూడా నిండలేదు. నాలుక మీద వస కొమ్ము అరగదీసి రాయడం, తేనె నాకించడం కూడా వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనెతో బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఇక పాల సంగతి. మీ అనుమానానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పుట్టిన దగ్గర్నుంచి పాప 3.1 కిలోలు పెరిగింది. అంటే రోజుకు సుమారు 30 గ్రాములు. పాలు చాలని పిల్ల ఇలా పెరగదు. రోజుకు ఆరు సార్లయినా మూత్రం పోస్తుంటే ఇంకే అనుమానమూ పెట్టుకోనక్కర్లేదు. ఈ అంకెలు అత్తయ్య గారికి చూపించండి. ఆమె కూడా పాప కడుపు నిండాలనే అంటున్నారు, కాబట్టి అర్థం చేసుకుంటారు. జావ పడితే ఎక్కువసేపు పడుకుంటారన్నది మన ఇళ్లల్లో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. ఈ వయసులో అది అరగదు, నిద్రా పెరగదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. పైగా పాలను ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. ఆ వేళ రొమ్ము మాన్పించి డబ్బా పాలు పడితే కొన్నాళ్లకు మీ పాలు నిజంగానే తగ్గిపోతాయి.

మరి పాప ఎందుకు లేస్తోంది? మనకు ఒక నిద్ర చుట్టు దాదాపు గంటన్నర ఉంటుంది, పసిపిల్లలకు 50 నిమిషాల నుంచి గంటే. ప్రతి చుట్టు చివరా వాళ్లు సగం మెలకువలోకి వస్తారు. మీ పాప ఒళ్లో, ఊపుతుండగా, పాలు తాగుతూ నిద్రలోకి జారుకుంటోంది. సగం మెలకువలో చూసుకుంటే ఒళ్లు లేదు, ఊపు లేదు, వీపు కింద చల్లటి పక్క. అందుకే ఏడుస్తుంది. ఆకలి కొన్నిసార్లే కారణం.

ఇంకో సంగతి కూడా ఉంది. పగలు మూడేసి గంటలు పడుకుంటే ఆ మేరకు పాలు తాగడం తప్పిపోతుంది, ఆ బాకీ రాత్రి తీర్చుకుంటుంది. కాబట్టి మార్పు పగటి నుంచే మొదలుపెట్టండి. పగలు రెండు గంటలు దాటి పడుకుంటే మెల్లగా లేపి పాలివ్వండి. నిద్రపోయే పిల్లను లేపకూడదంటారు కానీ, ఇలా బరువు బాగా పెరుగుతున్న పిల్లను పగలు లేపితే నష్టమేమీ లేదు. పొద్దున్నే కాసేపు వాకిట్లో వెలుతురులో ఎత్తుకు తిప్పండి. పగలు పడుకున్నప్పుడు ఇల్లంతా చీకటి చేయకండి, కుక్కర్ విజిల్ వస్తే రానివ్వండి. రాత్రీ పగలూ తేడా తెలిపే గడియారం పిల్లల్లో రెండు మూడు నెలల తర్వాతే కుదురుకుంటుంది. దానికి ఆధారం వెలుతురే.

సాయంత్రం ఏడున్నర, ఎనిమిదికల్లా ఇంట్లో సందడి తగ్గించండి. టీవీ ముందు పాపను ఆడిస్తూ పది దాటించారంటే, బాగా అలిసిపోయి నిద్ర రాక ఇంకా ఏడుస్తుంది. రోజూ ఒకే వరస పెట్టుకోండి. గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడవడం, వదులుగా ఉండే నూలు బట్ట, కడుపు నిండా పాలు, భుజాన వేసుకుని తేనుపు, ఒక జోలపాట. సాంబ్రాణి పొగ మాత్రం వేయకండి, ఆ పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకు పడదు.

అసలు కిటుకు ఇక్కడుంది. పాప పూర్తిగా నిద్రపోయాక కాదు, కళ్లు మూతలు పడుతుండగా పక్క మీద వేయండి. ముందు కాళ్లు, తర్వాత పిరుదులు, చివరికి తల ఆనేలా దించి, గుండెల మీద మీ అరచేయి కాసేపు అలాగే ఉంచండి. మొదట్లో పదిసార్లకు రెండు సార్లే కుదురుతుంది. కుదరని రోజు ఎత్తుకోండి, ఏడవనిచ్చి అలవాటు చేసే వయసు కాదిది. అయితే రాత్రి మూలిగిన ప్రతిసారీ గబుక్కున ఎత్తకండి. పసిపిల్లలు నిద్రలోనే మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, కాళ్లు తన్నుతారు. ఒక నిమిషం ఆగి చూస్తే చాలాసార్లు తిరిగి నిద్రలోకి వెళ్లిపోతుంది. నిజంగా లేస్తే సన్నటి వెలుతురులోనే, మాటలు లేకుండా పాలివ్వండి. విరేచనం అయితే తప్ప డైపర్ మార్చనక్కర్లేదు. మీరు పడుకోబోయే ముందు, పది పదిన్నరకు, నిద్రలోనే మెల్లగా ఎత్తి ఒకసారి పాలు పట్టి చూడండి. ఆ తర్వాత నాలుగైదు గంటలు ఏకబిగిన పడుకుంటే ఈ వయసుకు అది చాలా మంచి నిద్ర. రాత్రి ఒకటి రెండు సార్లు పాలకు లేవడం ఇంకొన్ని నెలలు ఉంటుంది. అది జబ్బు కాదు.

చీర ఉయ్యాల గురించి మొహమాటం లేకుండా చెప్తాను. పగలు ఎవరైనా కళ్లెదుట ఉన్నప్పుడు కాసేపు సరే. రాత్రంతా వద్దు. చీర మడతలో వీపు వంగి గడ్డం గుండెకు ఆనుకుంటే పసిపిల్లకు గాలి ఆడదు. మీ గదిలోనే, మీ మంచం పక్కనే, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. తల గుండ్రంగా వస్తుందని పెట్టే ఆవాల దిండు, రగ్గు, బొమ్మలు ఏవీ ఉండకూడదు. పక్కకు దొర్లడం మొదలుపెడితే పొత్తిళ్లలో చుట్టడం మానేయండి.

జ్వరం వచ్చినా, పాలు తాగడం తగ్గినా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, రోజూ గురక పెడుతున్నా, ఎత్తుకున్నా ఆగని ఏడుపు ఏడుస్తున్నా ఈ సలహాలతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

ఇక మీ గురించి. కళ్లు తిరగడం నిద్ర లేకపోవడం వల్లే అని వదిలేయకండి. ఈ వారంలోనే హిమోగ్లోబిన్, బీపీ, థైరాయిడ్ చూపించుకోండి. కాన్పు తర్వాత రక్తహీనత మన దగ్గర చాలా మందిలో ఉంటుంది. పొద్దున తొలి పాలు ఇచ్చాక పాపను రెండు గంటలు వాళ్ల నాన్నకో, అత్తయ్య గారికో అప్పగించి తలుపు వేసుకుని పడుకోండి. పాలివ్వడం ఒక్కటే మీరు తప్ప ఎవరూ చేయలేనిది, ఎత్తుకోవడం, తేనుపు తీయించడం, బట్టలు మార్చడం ఇంట్లో ఎవరైనా చేయగలరు. ఒకవేళ పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే, దేని మీదా మనసు లేకపోతే దాచుకోకండి. మీ కాన్పు చేసిన డాక్టరుకు చెప్పండి, లేదా ఏ వేళైనా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.