సరిహద్దు దాటి పురుటికి వచ్చేవాళ్ళ గురించి

తల్లీ,

మాతాశిశు ఆరోగ్యం చూసే సీటులోకి మారావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెళ్ళగానే నెత్తిన పడ్డ పని, పక్క రాష్ట్రాల అధికారులతో సమావేశం పెట్టించడమట కదా. నా సర్వీసు చాలావరకు భద్రాచలం ఏజెన్సీలోనే గడిచింది కాబట్టి నువ్వు అడగకపోయినా నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు మ్యాప్ తీసి చూడు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఎటపాక భద్రాచలానికి కూతవేటు దూరం, కానీ రాష్ట్రం వేరు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిశాయి. అప్పుడు కలెక్టరేట్ ఎక్కడో పాడేరులో ఉండేది. నొప్పులొచ్చిన మనిషి అంత దూరం పోతుందా? భద్రాచలమే వస్తుంది. చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, ఆ పక్కన ఒడిశాలోని మోటు. కేసు కష్టమైతే అక్కడివాళ్ళూ ఇటే చూస్తారు.

ఇంకో సంగతి గమనించు. రాష్ట్రాలు కలిసి మాట్లాడుకునే జోనల్ కౌన్సిళ్ళలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దక్షిణ మండలిలో ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ మధ్య మండలిలో, ఒడిశా తూర్పు మండలిలో ఉన్నాయి. అంటే ఈ నాలుగు రాష్ట్రాలూ మామూలుగా కలిసి కూర్చునే మండలి సమావేశం ఒక్కటీ లేదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని పిలిస్తే తప్ప కుదరదు. ఈసారి పిలిచేదానివి నువ్వే. ప్రిన్సిపల్ సెక్రటరీల స్థాయిలో ఒక ఉత్తరం రాయించుకో, ఆ తర్వాత పని జిల్లాల స్థాయికి దించెయ్. పెద్దవాళ్ళు ఏడాదికోసారి కలిసినా చాలు. కొత్తగూడెం, చింతూరు, సుక్మా, మల్కన్‌గిరి వాళ్ళు మాత్రం నెలనెలా మాట్లాడుకోవాలి.

డాక్టర్లను మాత్రమే పిలిస్తే మందులు, పోస్టుల గురించే మాట్లాడుకుని లేస్తారు. మహిళా శిశు సంక్షేమం వాళ్ళు, భద్రాచలం, చింతూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసర్లు ఉండాలి. ఫైనాన్స్ నుంచి ఒక డిప్యూటీ సెక్రటరీనైనా తెచ్చుకో. ఆయన లేకుండా రాసిన మినిట్స్ ఫైల్లోనే ముసలివైపోతాయి. జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బు కేంద్రం, రాష్ట్రం 60:40 లెక్కన వస్తుంది కదా. ఒప్పుకున్న పని ఏ రాష్ట్రం పీఐపీలో (ఆ మిషన్ కింద రాష్ట్రం పంపే ఖర్చు ప్రణాళికలో) ఏ పద్దు కింద పెడతారో ఆ రోజే తేల్చు.

ఇక ఏం అడగాలి? నన్నడిగితే ఒక్కటే అడుగు: పేర్ల జాబితా. వచ్చే రెండు నెలల్లో కాన్పు కావాల్సినవాళ్ళ పేర్లు, ఊళ్ళు, తేదీలు, వాళ్ళకున్న ప్రమాదం. హిమోగ్లోబిన్ ఏడు కంటే తక్కువా, బీపీ ఉందా, మొదటి కాన్పు ఆపరేషనా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉందా. భర్త ఫోన్ నంబర్ రాయించి ఊరుకోకు, సగం ఊళ్ళలో సిగ్నలే ఉండదు. ఆశా కార్యకర్త నంబర్ పక్కనే ఉండాలి. ఈ జాబితా ప్రతి నెలా ఫలానా తేదీకి అవతలి పీహెచ్‌సీ నుంచి ఇవతలి లేబర్ రూమ్‌కి రావాలి. పోర్టల్ కావాలని ఎవరైనా అంటే తలూపి వదిలెయ్. ఒకే రాష్ట్రంలో ఏఎన్ఎం ఆర్‌సీహెచ్‌లో (గర్భిణుల, పిల్లల ఆరోగ్య పోర్టల్‌లో) ఎక్కించిన మనిషి, అంగన్‌వాడీ టీచర్ పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించిన మనిషి ఒక్కరేనని తేల్చడానికే మనకి తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగు రాష్ట్రాల సాఫ్ట్‌వేర్లు కలిసేదాకా ఆగితే ఈ పిల్లలు బడికి వెళ్ళే వయసుకొస్తారు.

జాబితా రావడం సగమే పని. తిరిగి వెళ్ళేది కూడా ఉంది, దాన్ని అందరూ మరిచిపోతారు. ఆసుపత్రిలో కాన్పైన బిడ్డను ఆశా ఇంటికెళ్ళి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలి. వరరామచంద్రపురం మండలంలోని ఊరి పిల్ల భద్రాచలంలో కంటే, ఆ ఊరి ఆశాకి ఎవరు చెప్తారు? ఎవరూ చెప్పరు. తల్లి ఇల్లు చేరి, పక్కింటివాళ్ళు చెప్పుకుని, ఆ మాట ఆశా చెవిన పడేసరికి వారం దాటిపోతుంది. పసివాళ్ళకు గండమంతా ఆ వారంలోనే. బిడ్డ ఒళ్ళు చల్లబడిందా, పాలు పట్టడం మానేసిందా, బొడ్డు దగ్గర చీము ఉందా చూసే మనిషి ఉండదు. బరువు తక్కువ బిడ్డైతే చెప్పనే అక్కర్లేదు. డిశ్చార్జ్ రాసే నర్సు వాళ్ళ ఆశాకి ఒక్క ఫోన్ చేసి, బిడ్డ బరువు, వేసిన టీకాలు చెప్పి, చెప్పినట్టు కేస్ షీట్ మీద టైమ్ రాయాలి. దీనికి జీవో కూడా అక్కర్లేదు. సూపరింటెండెంట్ సర్క్యులర్ చాలు.

బండి సంగతి కూడా తేల్చు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పైతే ఇంటిదాకా ఉచితంగా దింపాలన్నది 2011 నుంచీ ఉన్న రూలే. కానీ సరిహద్దులో బండి ఆపి, పచ్చి బాలింతను ఆటో చూసుకోమన్న సందర్భాలు నేను విన్నాను. ఎవరి బండి ఎక్కడిదాకా వెళ్ళాలో, డీజిల్ ఎవరి ఖాతాలో పడాలో కాగితం మీద పెట్టించు. కాన్పుకు ఇచ్చే ప్రోత్సాహకాల జోలికి మాత్రం వెళ్ళకు. ఏ రాష్ట్రం పథకం దానిది, ఎవరూ మార్చుకోరు. దాని మీద వాదన మొదలైతే మధ్యాహ్నం భోజనాల టైమ్ అయిపోతుంది.

వాన కాలం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు, ఇక చూసుకో. గోదావరి పోటెత్తితే అందులో కలిసే శబరి నది వెనక్కి తంతుంది, కూనవరం, చింతూరు రోడ్లు మునుగుతాయి. అప్పుడు పడవలు, హెలికాప్టర్లు అని పరుగులు పెట్టడం కంటే, జులై నుంచి సెప్టెంబర్ దాకా నెలలు నిండేవాళ్ళను జూన్ మొదట్లోనే గుర్తించి, తేదీ దగ్గరపడ్డవాళ్ళను ముందుగా ఆసుపత్రి ఉన్న ఊరికి తేవాలి. ఆంధ్రాలో సాలూరు లాంటి చోట్ల గర్భిణులకు వసతి గృహాలు నడిపారు, ఆ అనుభవం వాళ్ళనే చెప్పమను. ఒక్కతినే రమ్మంటే రాదు. ఇంట్లో రెండేళ్ళ పిల్లాడు, కోళ్ళు, పొలం పని ఉంటాయి. అత్తనో తల్లినో, ఆ చిన్నవాణ్ణీ వెంట ఉండనిచ్చి, ముగ్గురికీ అన్నం పెడితేనే మంచాలు నిండుతాయి. వంట మనిషి కోయ భాష తెలిసినదైతే ఇంకా మంచిది.

తల్లి మరణం జరిగితే మాత్రం జాగ్రత్త. ఊరు ఒక రాష్ట్రం, ఆసుపత్రి ఇంకో రాష్ట్రం. ఇంటి దగ్గర ఎంత ఆలస్యమైందో వాళ్ళకు తెలుసు, వచ్చాక ఏం జరిగిందో వీళ్ళకు తెలుసు. రెండు సగాలూ కలవకుండానే రివ్యూ ముగుస్తుంది. మీ లెక్కా మా లెక్కా అన్న పేచీ ఒకటి. 2018–20 ఎస్ఆర్ఎస్ (కేంద్రం చేసే జనన మరణాల శాంపిల్ సర్వే)లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఆ అంకె పెరుగుతుందేమోనని ఇద్దరికీ టెన్షనే. అది శాంపిల్ సర్వే అనీ, ఆసుపత్రి రిజిస్టర్‌లో ఒక చావు ఎటు రాసినా ఆ అంకె కదలదనీ సమావేశంలో గట్టిగా చెప్పు. ఇద్దరు మెడికల్ ఆఫీసర్లూ కలిసి ఆ ఇంటికి వెళ్ళాలి.

సిజేరియన్లు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5లో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే కాబట్టి ఆ ఒత్తిడి న్యాయమే. కానీ నాలుగు వైపుల నుంచి కష్టమైన కేసులే వచ్చే ఆసుపత్రికి అదే టార్గెట్ పెట్టకు.

ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి అడవుల్లో ఉంటున్న, ఆధార్ లేని గుత్తికోయ గిరిజనుల ఆవాసాలను మరిచిపోవద్దు. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీల్లోనూ గర్భిణులుంటారు. సంక్రాంతి దాటగానే మేస్త్రీలను పట్టుకుంటే ఎవరెవరొచ్చారో తెలుస్తుంది. ఆ పేర్లూ అదే జాబితాలో చేర్చు.

సమావేశం హైదరాబాద్‌లో కాదు, భద్రాచలంలో పెట్టు. జాబితా నమూనా తయారవగానే నాకు వాట్సాప్ చెయ్. కాలమ్స్ పదికి మించితే నేనే కొట్టేసి పంపుతాను.

మీ పెద్దమ్మ