టెక్ సందేహాలు: తుపానులో తడిసిన పెళ్లి డీవీడీ మళ్లీ చూడగలమా?

ప్రశ్న: మా పెళ్లి 2007లో జరిగింది. వీడియో ఉన్నది ఒక్క డీవీడీలోనే. 2018లో తిత్లీ తుపానుకు ఇంటి రేకులు లేచిపోయి బీరువాలో సామానంతా తడిసింది. ఈ మధ్య ఆ డీవీడీ బయటకు తీసి ప్లేయర్‌లో పెడితే ‘నో డిస్క్’ అంటోంది. కంప్యూటర్‌లో పెడితే కాసేపు గిరగిరా తిరిగి ఆగిపోతోంది. షాపులో చూపిస్తే ఇక రాదన్నారు. మా అమ్మానాన్నలు ఇప్పుడు లేరు. వాళ్లు కదులుతూ కనిపించేది అందులోనే. ఏమైనా దారి ఉందా? (పలాస నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఉందమ్మా. ఒక్క షాపు మాట మీద ఆశ వదులుకోకండి. ముందుగా డిస్క్‌ను ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని అడుగు వైపు చూడండి. రికార్డయినంత మేర రంగు కాస్త తేడాగా, ఒక పట్టీలా కనిపిస్తుంది. అది కనిపిస్తే మీ వీడియోలో చాలా భాగం ఇంకా అక్కడే ఉండొచ్చు. తర్వాత అంచు చూడండి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పలకలను అతికించి చేసినది. డేటా ఆ రెండింటి మధ్యలో ఉంటుంది. తేమ అంచు నుంచి లోపలికి పాకితే తెల్లటి మరకలు కనిపిస్తాయి. డీవీడీలో రాత మధ్య నుంచి మొదలై బయటికి వెళ్తుంది. కాబట్టి డిస్క్ నిండుగా ఉండి అంచు పాడైతే చివర్లో ఉండే అప్పగింతలు పోవచ్చేమో గానీ, జీలకర్ర బెల్లం దాకా దక్కే అవకాశం బాగానే ఉంది.

శుభ్రం చేయడానికి మామూలు నీళ్లు, ఒక చుక్క పల్చని సబ్బు చాలు. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే గీత డేటా వరస వెంబడే పడుతుంది, డ్రైవ్ దాన్ని సరిదిద్దుకోలేదు. థిన్నర్ జోలికి అసలు పోవద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. ఎండలో ఆరబెట్టకండి. వేడికీ వెలుగుకీ పాడయ్యే రంగుపొర మీదే మీ పెళ్లంతా రాసి ఉంది.

ఇప్పుడు అసలు పని. వీలైనన్ని డ్రైవ్‌లలో పెట్టి చూడండి. పాత డ్రైవ్‌లో లేజర్ నీరసించి ఉంటుంది. ఒకటి చదవలేని డిస్క్‌ను ఇంకొకటి చదివేయడం తరచూ జరిగేదే. తెలిసినవాళ్ల పాత డెస్క్‌టాప్, యూఎస్‌బీ డీవీడీ రైటర్, ఏది దొరికినా సరే. ఏదో ఒకదాంట్లో డిస్క్ కనిపించగానే సంబరపడి ప్లే చేయకండి. ముందు మొత్తం డిస్క్‌కి ఇమేజ్ కాపీ తీయాలి, అంటే డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లో ఒకే ఫైల్‌గా దించుకోవాలి. లైనక్స్ (విండోస్‌లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) తెలిసిన కుర్రాడెవరైనా ఉంటే పాడైన డిస్క్‌ల నుంచి డేటా తీసే ‘డీడీరెస్క్యూ’ ప్రోగ్రామ్ వాడమనండి, అది ఉచితం. తేలిగ్గా చదవగలిగినవి ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు తర్వాత మళ్లీ వస్తుంది. ఏది వచ్చింది, ఏది రాలేదన్నది ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. అదే మ్యాప్ ఫైల్‌తో డిస్క్‌ను వేరే డ్రైవ్‌లో పెడితే మిగిలిన ఖాళీల కోసమే ప్రయత్నిస్తుంది. ఇలా రెండు మూడు డ్రైవ్‌లు కలిసి ఒక్క కాపీని పూర్తి చేస్తాయి. రాత్రంతా పట్టినా టెన్షన్ పడకండి, నడవనివ్వండి.

విండోస్‌లో అయితే ఇలాంటి పనికే ‘ఐసోబస్టర్’ అనే ప్రోగ్రామ్ ఉంది. డిస్క్‌లో ఏముందో డబ్బు కట్టకుండానే చూపిస్తుంది. అది చూశాకే కొనాలో వద్దో తేల్చుకోండి. వచ్చిన కాపీని వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తెరవండి. అక్కడక్కడా 2 కేబీ ముక్కలు పోయినా బొమ్మ ఒక్క క్షణం గళ్లుగళ్లుగా మారి మళ్లీ సర్దుకుంటుంది. వచ్చింది వచ్చినట్టే రెండు హార్డ్‌డిస్క్‌లలో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి.

ప్రశ్న: పాత హ్యాండీక్యామ్‌లో చిన్న డిస్క్ మీద సిరిమానోత్సవం తీశాను. కంప్యూటర్‌లో పెడితే ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడుగుతోంది. (విజయనగరం)

జవాబు: వద్దని నొక్కి డిస్క్ బయటకు తీయండి. అది 8 సెంటీమీటర్ల డీవీడీ. చిత్రీకరణ అయ్యాక ‘ఫైనలైజ్’ చేయకపోతే, అంటే రికార్డింగ్ ముగిసిందని డిస్క్‌ను ఖరారు చేయకపోతే, మిగతా యంత్రాలు దాన్ని ఖాళీ డిస్క్ అనుకుంటాయి. అదే కెమెరా పనిచేస్తుంటే అందులోనే పెట్టి, బ్యాటరీ మీద కాకుండా అడాప్టర్ తగిలించి, మెనూలో ఫైనలైజ్ నొక్కండి. మధ్యలో కదపకండి. కెమెరా పోయి ఉంటే పైన చెప్పిన ఐసోబస్టర్‌తో ప్రయత్నించండి. డిస్క్‌ను లోపలికి లాక్కునే రకం డ్రైవ్‌లో మాత్రం ఈ చిన్న డిస్క్ పెట్టొద్దు, ఇరుక్కుపోతుంది.

ప్రశ్న: సీడీ మీద గీతలకు టూత్‌పేస్ట్ రుద్దితే పోతాయంటున్నారు, నిజమేనా? (బొబ్బిలి)

జవాబు: అడుగు వైపు పైపై గీతలకు ఒక్కోసారి పనిచేస్తుంది. అయినా ఇమేజ్ కాపీకి ప్రయత్నించాకే, ఆఖరి ప్రయత్నంగా చేయండి. సీడీలో డేటా ఉండేది పేరు రాసే వైపు, పల్చటి లక్కపూత కింద. అటువైపు పడిన గీతకు ఏ పేస్టూ మందు కాదు. పైన స్టిక్కర్ అంటించి ఉంటే పీకకండి, డేటా పొర దాంతోపాటే ఊడి వస్తుంది.