సమాధానం: మగ్గం దగ్గరే మొదలుపెట్టండి

నమస్కారమండీ. కాలేజీ విద్యార్థులు తయారుచేసిన డిజైన్ యాప్‌ను వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే నూలు తివాచీలు) నేసే కార్మికులు నాలుగు రోజులు చూసి పక్కన పెట్టేశారని, లోపమెక్కడో తెలియడం లేదని రాశారు. నా అంచనాలో లోపం యాప్‌లో లేదు. అంతా పూర్తయ్యాక నేతన్నను పిలవడంలో ఉంది. 2006లో యూరప్‌లో ఒక నెట్‌వర్క్‌గా ఏర్పడిన లివింగ్ ల్యాబ్‌ల పద్ధతిలో వాడేవాళ్లు, వ్యాపారులు, పరిశోధకులు, ప్రభుత్వ శాఖలు మొదటి రోజు నుంచీ కలిసి, వస్తువును వాడే చోటే పరీక్షించి మార్చుకుంటూ పోతారు.

కాబట్టి రెండు మూడు ఇళ్లలోని మగ్గాల దగ్గర మళ్లీ మొదలుపెట్టండి. రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి, నూలు పీచు అంటిన వేళ్లతో ఫోన్ తెర జరపలేడు. అదే డిజైన్‌ను గళ్ల కాగితం మీద పెద్దగా అచ్చు వేసి మగ్గం ఎదురుగా కడితే సరిపోతుందేమో. ఈ సంగతి కాలేజీ గదిలో కూర్చుంటే తట్టదు. పరీక్షకు పోయిన రోజుల కూలి ఎవరిస్తారో ముందే తేల్చండి, లేకపోతే మూడో రోజు ఎవరూ రారు. వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది గాని, అది పేరును కాపాడుతుంది, మీరు కలిసి గీసిన కొత్త డిజైన్‌ను కాదు. అందుకని ఆ డిజైన్ ఎవరిది, ఆర్డర్ వస్తే ఎవరి వాటా ఎంత అన్నది సహకార సంఘం, కాలేజీ, వ్యాపారి తెలుగులోనే కాగితం మీద రాసుకుని సంతకాలు చేయాలి. వ్యాపారి మొదట్లో నసుగుతాడు. పది దర్రీల చిన్న ఆర్డర్ అడిగి చూడండి.