సంగీత దర్శకుడిగా ఇళయరాజాకి జాతీయ సినిమా అవార్డులు ఐదంటారు, తమిళ సినిమాల పట్టికలో రెండే కనిపిస్తాయి. ఏది సరైన లెక్క?

రెండూ సరైనవే. జాతీయ అవార్డుల్లో తమిళ సంగీతానికంటూ వేరే విభాగం లేదు. అన్ని భాషల సినిమాలూ ఒకే పోటీలో ఉంటాయి. కాబట్టి మనిషి పేరుతో కాకుండా సినిమా పేరుతో లెక్క మొదలుపెట్టండి. ఇళయరాజా ఐదింటిలో 'సాగర సంగమం', 'రుద్రవీణ' తెలుగువి, 'పళస్సి రాజా' మలయాళం. తమిళానికి మిగిలేవి 'సింధుభైరవి' (1985), 'తారై తప్పట్టై' (2015). మరో సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్‌దీ అంతే. సంగీత దర్శకత్వ విభాగంలో మొట్టమొదటి జాతీయ అవార్డు తెచ్చిన 'కందన్ కరుణై' (1967) తమిళం, 'శంకరాభరణం' మనది.

ఎక్కువమంది తప్పులో కాలేసేది సంవత్సరం దగ్గర. చూడాల్సింది విడుదల తేదీ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ ఏ ఏడాదిదన్నది. 'మిన్సార కనవు' (మన 'మెరుపు కలలు') 1997 సంక్రాంతికి విడుదలైనా రెహమాన్‌కి వచ్చింది 1996 అవార్డు. ప్రకటన ఇంకా ఆలస్యంగా వస్తుంది: జి.వి. ప్రకాశ్‌కి 'వాత్తి' (తెలుగులో 'సార్') పాటలకు 2023 అవార్డు ప్రకటించింది 2025 ఆగస్టులో. తమిళనాడు ప్రభుత్వ అవార్డులైతే మరీను. 2009 నుంచి 2014 దాకా ఆరేళ్లవీ 2017లో ప్రకటించి, 2022 సెప్టెంబరులో అందజేశారు. పట్టిక రాసేటప్పుడు సినిమా ఏడాది, ప్రకటించిన ఏడాది వేర్వేరు గళ్లలో పెట్టండి.

జాతీయ అవార్డుల్లో 2009 సినిమాల నుంచి పాటలకో అవార్డు, నేపథ్య సంగీతానికో అవార్డు. 2017కి రెహమాన్ రెండూ గెలిచారు. పాటలకు తమిళ 'కాట్రు వెలియిడై', నేపథ్య సంగీతానికి హిందీ 'మామ్'. రెంటినీ ఒకే వరసలో వేస్తే తమిళానికి ఒకటి ఎక్కువ పడుతుంది. చాలా పట్టికల్లో జారిపోయే పేరు లాల్గుడి జయరామన్. 'శృంగారం' అనే తమిళ చిత్రానికి 2005 అవార్డు ఈ వయొలిన్ విద్వాంసుడిదే.

సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ పేరు మాత్రం ఎంత వెతికినా దొరకదు, ఆయనకి జాతీయ అవార్డు రాలేదు. జంట సంగీత దర్శకుడు రామమూర్తితో కలిసి చేసిన గొప్ప పాటల కాలం 1965లో ముగిసింది. సంగీతానికి విభాగం పెట్టింది 1967 సినిమాలకు. ఆ తర్వాత ఆయన ఒంటరిగా చేసిన పనికీ ఇవ్వలేదు. అది జ్యూరీల లోపమే. ఆయన చేసిన 'మరో చరిత్ర' పాటలు తెలిసిన మనకి ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.